గర్భనిరోధక మాత్ర: తొలి షీటు మొదలుపెట్టేవారికి

రోజుకొకటి చొప్పున నోట్లో వేసుకుంటూ గర్భం రాకుండా చూసుకునే హార్మోన్ మందును గర్భనిరోధక మాత్ర అంటారు. పూర్తి పేరు మిశ్రమ గర్భనిరోధక మాత్ర. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టోజెన్ అనే రెండు రకాల హార్మోన్లు కొద్ది మోతాదుల్లో ఇందులో ఉంటాయి. మన దేశంలో ప్రభుత్వం దీన్ని మాలా-ఎన్ పేరుతో ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తుంది, మాలా-డి పేరుతో మందుల షాపుల్లో చవకగా అమ్మిస్తుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకటే మందు: లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఎథినిల్ ఎస్ట్రాడయాల్ 0.03 మిల్లీగ్రాములు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ మాత్ర పేరు తెలియనివాళ్లు తక్కువ, వాడేవాళ్లు అంతకంటే తక్కువ. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో దేశం మొత్తం మీద వివాహితల్లో 5 శాతం మంది మాత్ర వాడుతుంటే ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటా ఒక శాతానికి కూడా చేరలేదు. అదే సర్వేలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు దేశంలో 37.9 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం. తెలంగాణలో కూడా 60 శాతం పైనే. పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోపాటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్: మన ఇళ్లలో రెండు తరాలుగా నడిచిన వరస ఇది. మొదటి బిడ్డను వాయిదా వేయడానికో, ఇద్దరి మధ్య ఎడం పెట్టడానికో ఏదైనా పద్ధతి వాడడమన్నది ఆ వరసలో లేదు. అందుకే ఇవాళ మాత్ర మొదలుపెట్టే అమ్మాయికి ఇంట్లో అనుభవం చెప్పేవారు దొరకరు. అస్సాం, పశ్చిమ బెంగాల్, త్రిపురల్లో పరిస్థితి ఇలా ఉండదు. అక్కడ మాత్ర అత్తాకోడళ్లిద్దరికీ పరిచయమే.

ఒకదాన్ని చూసి ఇంకొకటనుకోవడం

హార్మోన్ మాత్రలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. తెలుగింటి ఆడపిల్ల మొదటిసారి మింగే హార్మోన్ మాత్ర చాలాసార్లు గర్భనిరోధకం కానే కాదు. పెళ్లి ముహూర్తానికో, వ్రతానికో, తిరుపతి ప్రయాణానికో నెలసరి అడ్డురాకుండా వేసుకునే నోరెథిస్టెరాన్ మాత్ర అది. నెలసరిని వాయిదా వేయడానికే తప్ప గర్భం రాకుండా ఆపడానికి దాన్ని నమ్ముకోకూడదు.

రెండోది అత్యవసర మాత్ర. 2007 నుంచి మన మందుల షాపుల్లో ఐ-పిల్ పేరుతో ప్రచారంలోకి వచ్చినది ఇదే. 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉన్న ఒకే ఒక్క మాత్ర. కలయిక జరిగిన 72 గంటల్లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. అండం విడుదలను వెనక్కి నెట్టడమే దీని పని. నెలకు రెండు మూడుసార్లు ఇదే వేసుకుంటూ రోజూ మాత్ర ఎవరు మింగుతారని అనుకునేవాళ్లున్నారు. రోజువారీ మాత్రకున్న భరోసా దీనికి లేదు, పైగా నెలసరి లెక్క తప్పుతుంది. మూడోది మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ జంట. అది గర్భస్రావానికి వాడేది, డాక్టరు పర్యవేక్షణలో తీసుకోవలసిన మందు. ఈ మూడూ ఒకవైపు, మాలా-డి వంటివి ఒకవైపు. షాపులో అడిగేటప్పుడు 'రోజూ వేసుకునేది' అని స్పష్టంగా చెప్పడం అవసరం.

అండాశయాల సమస్య అయిన పీసీఓఎస్ ఉన్న అమ్మాయిలకు గైనకాలజిస్టులు రాసే మాత్రలు మాత్రం నిజంగా ఈ కుటుంబానివే. నెలసరి క్రమానికి, మొటిమలకు, అవాంఛిత రోమాలకు వాటిని వాడతారు. పెళ్లికాని పిల్లకు గర్భనిరోధక మాత్రలా అని తల్లులు కంగారుపడి చీటీ మడిచి దాచేయడం డాక్టర్లందరికీ తెలిసిన సంగతే. మందు ఒకటే, వాడే కారణం వేరు. అందులో దాచుకోవలసినదేమీ లేదు.

మెక్సికో దుంప నుంచి

ఈ మందు కథ మొదలైంది మెక్సికో అడవుల్లో పెరిగే ఒక రకం దుంపతో. అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు రస్సెల్ మార్కర్ 1940ల్లో ఆ దుంపలోని డయోస్జెనిన్ నుంచి ప్రొజెస్టెరాన్ తయారుచేసే దారి కనిపెట్టాడు. అంతకుముందు పశువుల గ్రంథుల నుంచి చుక్కలు చుక్కలుగా తీసి బంగారంలా అమ్మిన పదార్థం చవకైపోయింది. 1951లో మెక్సికో సిటీలోని సింటెక్స్ సంస్థలో కార్ల్ జెరాసీ, జార్జ్ రోజెన్‌క్రాంజ్, లూయిస్ మిరమొంటెస్ కలిసి నోటితో తీసుకున్నా పనిచేసే నోరెథిస్టెరాన్‌ను తయారుచేశారు. ముహూర్తాల కోసం మనవాళ్లు వేసుకునే మాత్రలో ఉన్నది ఆనాటి ఈ మందే.

సంతాన నియంత్రణ ఉద్యమకారిణి మార్గరెట్ శాంగర్ పట్టుదల, కాథరిన్ మెకార్మిక్ అనే సంపన్నురాలి డబ్బు, శాస్త్రవేత్తలు గ్రెగరీ పింకస్, మిన్ చ్యూ చాంగ్‌ల ప్రయోగశాల, జాన్ రాక్ అనే కాథలిక్ డాక్టరు వైద్యం ఒకచోట కలిశాక మాత్ర రూపు దిద్దుకుంది. పెద్దఎత్తు పరీక్షలు 1956లో ప్యూర్టోరికోలో మొదలయ్యాయి. తాము ప్రయోగంలో ఉన్నామన్న సంగతి అక్కడి పేద స్త్రీలకు సరిగా చెప్పలేదు. పరీక్షలు నడిపిన డాక్టరు ఎడ్రిస్ రైస్-రే 17 శాతం మందిలో దుష్ప్రభావాలు కనిపించాయని, ఈ మందు అందరూ వాడదగినది కాదని రాసింది. ఆమె మాటను పక్కన పెట్టేశారు. 1957లో నెలసరి సమస్యలకు, 1960లో గర్భనిరోధానికి ఎనోవిడ్ పేరుతో అమెరికా అనుమతి ఇచ్చింది. జపాన్ అనుమతించడానికి 1999 దాకా పట్టింది.

ఆ తొలి మాత్రలో మెస్ట్రనాల్ అనే ఈస్ట్రోజెన్ 0.15 మిల్లీగ్రాములు, ప్రొజెస్టోజెన్ 9.85 మిల్లీగ్రాములు ఉండేవి. ఈనాటి మాలా-డిలోని మోతాదు పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఆ తొలి మాత్రలు వాడినవారిలో రక్తం గడ్డకట్టిన కేసులు బయటపడ్డాయి. 1969లో మాత్ర ప్రమాదాల మీద బార్బరా సీమన్ రాసిన పుస్తకం, 1970లో అమెరికా సెనేట్‌లో జరిగిన విచారణ కలిసి రెండు మార్పులు తెచ్చాయి. మోతాదు తగ్గింది, మందు పెట్టెలో వాడేవారికోసం సమాచార పత్రం పెట్టడం మొదలైంది. మాత్ర గురించి పెద్దవాళ్లు చెప్పే భయాల్లో చాలా భాగం ఆ పాత మోతాదుల కాలం నాటివి.

మన దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైనా మాత్రకు పెద్దపీట వేయలేదు. 1965లో గర్భాశయంలో అమర్చే లూప్ వచ్చింది. 1967 తర్వాత కేంద్రంలో ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖ చూసిన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్ రాజమండ్రిలో పుట్టినవాడు. ఆయన కాలంలోనూ బరువంతా ఆపరేషన్ల మీదే. కుటుంబ నియంత్రణ గుర్తయిన ఎర్ర త్రికోణం గోడల మీదికెక్కింది గాని మాత్ర ఇళ్లలోకి వెళ్లలేదు.

చెప్పి ఇవ్వడం, చెప్పకుండా ఇవ్వడం అన్న గొడవ మన దగ్గరా జరిగింది. 1985లో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ పరీక్షకు స్త్రీలను సరైన వివరం చెప్పకుండా తీసుకున్నారని స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అడ్డుకున్నారు. మరుసటేడు ఇతర మహిళా సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అది ఇంజెక్షన్, ఇది మాత్ర. అయినా ఒంట్లోకి వెళ్లే హార్మోన్ గురించి ముందే తెలుసుకునే హక్కు ఎవరిదన్న ప్రశ్న రెండింటికీ ఒకటే.

ఒంట్లో ఏం జరుగుతుంది

మామూలు నెలలో మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్ల వల్ల అండాశయంలో ఒక అండం పెరిగి, నెల మధ్యలో విడుదలవుతుంది. మాత్రలోని హార్మోన్లు రక్తంలో నిలకడగా ఉన్నంతకాలం పిట్యూటరీ ఆ సంకేతం పంపదు. అండం విడుదల కాదు. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలను లోపలికి పోనివ్వదు కూడా.

అండాశయం ఇలా నిద్రపోవడానికి వరసగా ఏడు రోజుల మాత్రలు కావాలి. ఇది గుర్తుంటే మిగతా నియమాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. మాలా షీటులో 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి హార్మోన్ మాత్రలు, చివరి ఏడు ముదురు రంగువి ఐరన్ మాత్రలు. ఐరన్ మాత్రల వారంలో నెలసరి వస్తుంది. ఆ ఏడు రోజులూ అండాశయం మెల్లగా మేలుకుంటూ ఉంటుంది, ఎనిమిదో రోజు కొత్త షీటు మొదలుకాగానే మళ్లీ నిద్రపోతుంది. కాబట్టి షీటు మధ్యలో ఒక మాత్ర మరవడం కంటే కొత్త షీటును రెండు మూడు రోజులు ఆలస్యంగా మొదలుపెట్టడం ఎక్కువ ప్రమాదం. మన దగ్గర జరిగే పొరపాటు ఎక్కువగా ఇదే. షీటు అయిపోతుంది, షాపుకు వెళ్లడం కుదరదు, ఊరెళ్లి వచ్చాక చూద్దామనుకుంటారు. రెండు షీట్లు ముందే కొని పెట్టుకోవాలి.

ఐరన్ వారంలో వచ్చేది అసలు నెలసరి కాదు, హార్మోన్ ఆగినందుకు వచ్చే రక్తస్రావం. నెలనెలా రక్తం కనిపిస్తే వాడేవారికి ధైర్యంగా ఉంటుందనే మొదట్లో అలా అమర్చారు తప్ప ఆరోగ్యానికి అది తప్పనిసరి కాదు. దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్న పరిస్థితిలో రక్తస్రావం తగ్గడం, దానికి ఐరన్ తోడవడం మేలే. ప్రైవేటు కంపెనీల షీట్లలో కొన్నింటికి 21 మాత్రలే ఉంటాయి. అవి అయ్యాక ఏడు రోజులు ఖాళీ ఇచ్చి, ఎనిమిదో రోజు రక్తస్రావం ఆగినా ఆగకపోయినా కొత్తది మొదలుపెట్టాలి.

మొదలుపెట్టే ముందు

మాత్రకు ముందు స్కానింగ్, రక్తపరీక్షలు, లోపలి పరీక్ష తప్పనిసరి కావు. తప్పనిసరిగా చూడవలసింది బీపీ. మిగిలినదంతా మాటల్లో తేలుతుంది. బీపీ 140/90 దాటితే ఈ మాత్ర సాధారణంగా ఇవ్వరు, 160/100 దాటితే అసలే కూడదు.

మైగ్రేన్ ఉన్నవారిలో తలనొప్పికి ముందు కళ్లముందు మెరుపులు, వంకర గీతలు కనిపించేవారు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వాడకూడదు. పక్షవాతం ముప్పు పెరుగుతుంది. కాళ్లలోగాని ఊపిరితిత్తుల్లోగాని రక్తం గడ్డకట్టిన చరిత్ర, గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, తీవ్రమైన కాలేయ జబ్బు, చాలా ఏళ్లుగా ఉన్న మధుమేహం, లూపస్‌తోపాటు గడ్డకట్టే గుణమున్న యాంటీబాడీలు ఉన్నవారూ అంతే. 35 ఏళ్లు దాటి పొగతాగేవారికి మాత్ర ప్రమాదం. ఆడవాళ్లను ఈ ప్రశ్న అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలున్నారు. అక్కడి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) ఈ ప్రశ్న తప్పక అడగాలి.

కాన్పయి బిడ్డకు పాలిస్తున్నవారు ఆరు నెలలదాకా ఈ మాత్ర వేసుకోకపోవడం మంచిది, మొదటి ఆరు వారాల్లో అయితే అసలే వద్దు. క్షయకు రిఫాంపిసిన్, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్ వాడుతున్నవారిలో కాలేయం మాత్రలోని హార్మోన్లను తొందరగా ఖర్చు చేసేస్తుంది. మాత్ర వేసుకుంటూనే గర్భం రావచ్చు. వారికి కాపర్-టి మేలు. మామూలు జ్వరానికీ గొంతునొప్పికీ వాడే యాంటీబయాటిక్‌లతో ఈ చిక్కు లేదు.

మొదటి మాత్ర ఏ రోజు

అయిదో రోజునే మొదలుపెట్టాలన్నది మన దగ్గర పాత అలవాటు. నిజానికి నెలసరి మొదటి రోజు నుంచి ఐదో రోజుదాకా ఏ రోజైనా మొదలుపెట్టవచ్చు, రక్షణ వెంటనే ఉంటుంది. ఆ రోజులు దాటిపోతే, గర్భం లేదని తెలిస్తే, ఏ రోజైనా మొదలుపెట్టి ఏడు రోజులు నిరోధ్ (కండోమ్) కూడా వాడాలి. గర్భస్రావం జరిగినవారు వారం లోపే మొదలుపెట్టవచ్చు.

వేళ ఏదైనా ఫర్వాలేదు, రోజూ అదే వేళకు వేసుకోవాలి. రాత్రి భోజనం తర్వాత వేసుకుంటే వికారం తెలియకుండా నిద్రలో గడిచిపోతుంది.

ఒక మాత్ర మరిచిపోతే గుర్తురాగానే వేసుకుని, ఆ రోజుది మామూలు వేళకే వేసుకోవాలి. ఒకే రోజు రెండు పడినా నష్టం లేదు. ఎన్ని మరిస్తే ప్రమాదమన్న విషయంలో మార్గదర్శకాలు వేరువేరుగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వరసగా మూడు అంటుంది, అమెరికా సీడీసీ రెండు అంటుంది. రెండు అనుకుని జాగ్రత్తపడడం మేలు. అలా తప్పితే ఒక మాత్ర వెంటనే వేసుకుని, షీటు కొనసాగిస్తూ ఏడు రోజులు నిరోధ్ వాడాలి. మొదటి వారంలో తప్పి, గత ఐదు రోజుల్లో కలయిక జరిగి ఉంటే అత్యవసర మాత్ర గురించి అడగాలి. మూడో వారంలో తప్పితే మిగిలిన తెల్లవి పూర్తిచేసి, ఐరన్ మాత్రలు పారేసి, నేరుగా కొత్త షీటు ఎత్తుకోవాలి. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి.

ఒక్కటీ తప్పకుండా వాడితే ఏడాదిలో వెయ్యిమందిలో ముగ్గురికి గర్భం వస్తుంది. మనుషులు మామూలుగా వాడే తీరులో నూటికి ఏడుగురికి. ఈ రెండు అంకెల మధ్య తేడా అంతా మరుపుదే, మందుది కాదు.

మూడు నెలల ఓర్పు

మాత్ర మానేసేవారిలో చాలామంది మానేసేది మొదటి మూడు నెలల్లోనే. వికారం, రొమ్ముల సలుపు, కొద్దిగా తలనొప్పి, షీటు మధ్యలో బట్టలకు అంటుకునే చుక్కలు చుక్కల రక్తం: ఇవి ఎక్కువమందిలో రెండు మూడు షీట్లకు సర్దుకుంటాయి. చుక్కలు కనిపించగానే ఒంటికి పడలేదని ఆపేయడం తొందరపాటు. ఆపితే ఇంకా ఎక్కువ రక్తస్రావం అవుతుంది, రక్షణా పోతుంది. ముందే చెప్పి ఉంటే ఎవరూ కంగారుపడరు. చెప్పే తీరిక లేకుండా షీటు చేతిలో పెట్టి పంపడమే మన ఆరోగ్య కేంద్రాల్లో మాత్ర నిలబడకపోవడానికి పెద్ద కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

లావైపోతారన్న భయం అందరిదీ. పరిశోధనలను కలిపి చూసినప్పుడు మాత్ర వల్ల చెప్పుకోదగ్గ బరువు పెరుగుతుందని తేలలేదు. కొందరికి ముఖం మీద మంగు రావచ్చు. మనసు దిగులుగా ఉండడం కొందరిలో నిజంగానే కనిపిస్తుంది. అది ఊహ అని కొట్టిపారేయకుండా మాత్ర మార్చి చూడాలి. పిల్లలు పుట్టకుండా పోతారన్నది వట్టి అపోహ. మానేసిన కొద్ది వారాల్లోనే అండం విడుదల తిరిగి మొదలవుతుంది.

అసలు ప్రమాదం రక్తం గడ్డకట్టడం. మాత్ర వాడని పదివేల మంది యువతుల్లో ఏడాదికి ఇద్దరికి ఇలా జరిగితే లెవోనార్జెస్ట్రెల్ మాత్ర వాడేవారిలో ఐదు నుంచి ఏడుగురికి, డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరెనోన్ అనే కొత్త రకం ప్రొజెస్టోజెన్లు ఉన్నవాటితో తొమ్మిది నుంచి పన్నెండుగురికి జరుగుతుందని యూరోపియన్ మందుల సంస్థ 2013లో లెక్క తేల్చింది. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయిన వారాల్లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఖరీదైన కొత్త మాత్ర మంచిదనుకునేవాళ్లు గమనించవలసిన విషయమిది. ఈ ఒక్క లెక్కలో చవకైన పాతదే మెరుగు. ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టడం, ఛాతీలో నొప్పి, ఆయాసం, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడడం, తట్టుకోలేని కడుపునొప్పి: వీటిలో ఏది వచ్చినా మాత్ర ఆపి అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. పెద్ద ఆపరేషన్ ఉంటే మాత్ర వాడుతున్న సంగతి సర్జనుకు చెప్పాలి.

క్యాన్సర్ విషయంలో మాత్ర రెండు వైపులా పనిచేస్తుంది. వాడుతున్న కాలంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు కొంచెం పెరుగుతుంది, అయిదేళ్లు పైబడి వాడితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అండాశయ, గర్భాశయ క్యాన్సర్లు మాత్రం తగ్గుతాయి. ఈ మేలు మానేసిన తర్వాత కూడా ఏళ్లతరబడి ఉంటుంది.

ఛాయ, వారానికొక మాత్ర

ఈస్ట్రోజెన్ పడనివారికి మన దేశంలోనే పుట్టిన ఒక మాత్ర ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమన్ ఇది. 1991లో సహేలి పేరుతో అమ్మకానికి వచ్చింది, 2016 నుంచి ఛాయ పేరుతో ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు (ఆదివారం ఒకటి వేసుకుంటే బుధవారం ఇంకొకటి), ఆ తర్వాత వారానికి ఒకటి. మొదటి మాత్ర నెలసరి మొదటి రోజున వేసుకోవాలి. పాలిచ్చే తల్లులు నిశ్చింతగా వాడవచ్చు. నెలసరి ఆలస్యం కావడం దీని లక్షణం. ఆ సంగతి తెలియనివాళ్లు గర్భం వచ్చిందేమోనని హడలిపోతారు. పీసీఓఎస్, ఈమధ్య కామెర్లు, కాలేయ, మూత్రపిండాల జబ్బులు ఉన్నవారికి ఇది పనికిరాదు.

విదేశాలకు వెళ్లే తెలుగు అమ్మాయిలు బ్రాండు పేరు కాకుండా షీటు వెనకనున్న హార్మోన్ల పేర్లు, మోతాదు రాసుకుని వెళ్లాలి. మాలా-డి అంటే అక్కడ ఎవరికీ తెలియదు. అమెరికాలో 2024 నుంచి చీటీ లేకుండా దొరుకుతున్న ఓపిల్‌లో ప్రొజెస్టోజెన్ ఒక్కటే ఉంటుంది. అది రోజూ సరిగ్గా అదే వేళకు వేసుకోవలసిన రకం.

ఏ మాత్రా హెచ్ఐవీని, సుఖవ్యాధులను ఆపదు, ఆ పని నిరోధ్‌దే. మాలా-ఎన్, ఛాయ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా దొరుకుతాయి. 2011లో మొదలైన పథకం కింద ఆశా కార్యకర్త రూపాయికి ఒక నెల మాత్రలు ఇంటికే తెచ్చి ఇస్తుంది. భర్త సంతకం అక్కర్లేదు. బీపీ చూపించుకోకుండా మాత్రం మొదటి షీటు తెరవకండి.